మొఖం తిప్పుకున్న మేడం

చదువుకున్న మనిషి వల్ల ఊరికి ఎంత నష్టం జరుగుతుందో మీకు అనుమానం ఉంటే నన్ను అడగండి. ఒక్క పలకరింపు మాట మాట్లాడకుండా ఆర్మూర్‌కూ మోర్తాడ్‌కూ మధ్య పంచాయితీ పెట్టించిన ఘనత నాది. నోరు పారేసుకుని తగువు తెచ్చుకునేవాళ్ళు ఊరి నిండా ఉన్నారు, అందులో గొప్పేముంది? నోరు మూసుకుని తెచ్చుకోవాలంటే ఎమ్మెస్సీ చదవాలి.

అప్పుడు నేను కౌన్సెలింగ్ సైకాలజీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. పుస్తకాల చదువు హైదరాబాద్‌లో అయిపోయింది, ఇక మనుషుల మీద పడాలి. శిక్షణ కోసం మా సొంతూరు ఆర్మూర్‌లోనే ఒక చిన్న దవాఖానలో వెనక గది ఇచ్చారు. రెండు కుర్చీలు, ఒక ఫ్యాను, తలుపు మీద స్రవంతి అని నా పేరు. మా అమ్మ చుట్టాలందరికీ నేను డాక్టరయ్యానని చెప్పేసింది.

"డాక్టర్ కాదమ్మా, కౌన్సెలర్. మనసుల బాధ ఉన్నోళ్ళు వచ్చి చెప్పుకుంటరు, నేను వింట."

"గంతేనా? గా పని మీ మేనత్త ఎప్పటిసందో ఉట్టిగనే చేస్తుంది గద" అంది అమ్మ.

మేనత్తకూ నాకూ తేడా ఏమిటంటే, ఆమె విన్నది సాయంత్రానికి ఊరంతా వింటుంది. నా పని అట్లా కాదు. నా పని చూసే అరుణ మేడం హైదరాబాద్ నుంచి ఫోన్లో నూరిపోసిన మొదటి పాఠమే అది. గదిలో విన్నది గది దాటకూడదు. ఆ మనిషి మన దగ్గరికి వస్తున్న సంగతి కూడా ఎవరికీ తెలియకూడదు. బయట ఎక్కడైనా ఎదురుపడితే మనంతట మనం పలకరించకూడదు. ఈ చివరి ముక్క నాకు మహా నచ్చింది. ఏదో గూఢచారి ఉద్యోగం వచ్చినట్టు మురిసిపోయాను. దాని వెనకాల ఇంకో ముక్క ఉంది. అది నేను తర్వాత తెలుసుకున్నాను కాబట్టి మీకూ తర్వాతే చెబుతాను.

నా దగ్గరికి వచ్చిన మొదటి మనిషి గంగామణి. నలభై దాటిన మనిషి, మోర్తాడ్‌లో బీడీలు చుడుతుంది, భర్త దుబాయిలో, పెళ్ళీడు కొడుకు ఇంట్లో ఉన్నారు. ఇంట్లో నడుం నొప్పి అని చెప్పి బుధవారం బస్సెక్కి వచ్చేది. మొదట్లో వచ్చి కూర్చుని ఫ్యానును చూసి వెళ్ళిపోయేది. పుస్తకంలో చెప్పినట్టు నేను ఆమె మౌనాన్ని గౌరవిస్తూ నేనూ ఫ్యానును చూసేదాన్ని. బయట కూర్చున్న నర్సు మా ఇద్దరినీ ఫ్యాను రిపేరు చేసేవాళ్ళు అనుకుని ఉంటుంది.

ఒక బుధవారం ఆమె నోరు విప్పింది.

"నాకు నిద్ర పడుతలేదు మేడం. ఫోన్ మోగితె గుండె జారిపోతది. గాయన మంచిగున్న అంటడు. పెట్టేసినంక మల్ల భయమైతది, గాయనకు ఏమన్న అయితదేమో అని. మా వాడల ఇంటికొకలు గల్ఫ్‌లనే ఉన్నరు. నాకొక్కదానికే భయమంటె నవ్వరా? గందుకే ఎవ్వలకూ చెప్పలే."

వెళ్ళేటప్పుడు ఆమె మొహం కొంచెం తేరుకుంది. నేను మాత్రం నేల మీద కాలు పెట్టకుండా ఇల్లు చేరాను. ఒక మనిషి జీవితంలో మొదటిసారి మనసు విప్పింది, అదీ నా ముందు. నా తలకు కొమ్ములు మొలవడానికి అది చాలు.

కొమ్ములంటే గుర్తొచ్చింది, అసలు కథ పసుపు కొమ్ములతోనే మొదలైంది.

పసుపు అమ్మకాల రోజులు. ఇంటి వాడకానికి కొంచెం మంచి కొమ్ములు తెమ్మని అమ్మ పంపింది. బజారులో కుప్పలు చూసుకుంటూ పోతున్నాను. ఎదురుగా గంగామణి. పక్కన ఇంకొకామె, గొంతును బట్టి ఆడబిడ్డ అని దూరం నుంచే తెలిసిపోతోంది. గంగామణి నన్ను చూసి నవ్వింది. నవ్వి ఆగింది.

మా వైపు పద్ధతి తెలియనివాళ్ళ కోసం ఒక మాట. మన ఊరికి వచ్చిన మనిషిని మనమే ముందు పలకరించాలి. అందులోనూ మనకంటే పెద్దదైతే మరీను. "ఎప్పుడొచ్చిన్రు, మంచిగున్నరా" అనకుండా పోయామంటే వాళ్ళతో మాటలు బందైనట్టే లెక్క. ఈ సంగతి నాకు పుట్టినప్పటినుంచి తెలుసు. కానీ అప్పుడు నా బుర్రలో పుట్టు తెలివికి చోటు లేదు, అంతా పుస్తకమే.

నేను చటుక్కున మొహం తిప్పేసుకుని పక్కనున్న కుప్పలోంచి ఒక కొమ్ము తీశాను. పని మీద వచ్చినట్టు కనబడాలి కదా. విరిచి చూశాను. వాసన చూశాను. ఇంకోటి విరిచాను. ఆ కుప్ప కొనడానికి బేరమాడుతున్న వ్యాపారి దగ్గరికొచ్చి, "ఏందమ్మా, సరుకు బాగలేదా?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపి, కొమ్ము కుప్పలో పడేసి కదిలాను.

"ఓ పిల్లా, నిలబడు" అంది వెనకనుంచి ఆడబిడ్డ సాయవ్వ. "మా వదినె నవ్వితె మొఖం తిప్పుకున్నవు. మా కుప్పల మా కొమ్ములే ఇరిసి, బాగలేవని బేరగాని ముంగట తలకాయ ఊపినవు. ఏం చేసినం నీకు?"

ఆ కుప్ప వాళ్ళదేనని అప్పుడు తెలిసింది. అయినా నియమం నియమమే.

"మీరెవరో నాకు తెల్వదు. గామె ఎవరో గూడ నాకు తెల్వదు" అన్నాను.

గంగామణి నవ్వు ఆరిపోయింది. అది మాత్రం నేను చూశాను.

తర్వాతి బుధవారం ఆమె రాలేదు. నేను ఒక్కదాన్నే ఫ్యానును చూస్తూ కూర్చుని, చివరికి అరుణ మేడంకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"బయట కనిపిస్తే నేనుగా పలకరించను, మీరు పలకరిస్తే పలకరిస్తాను, ఎందుకంటే ఇదీ కారణం అని మొదటి రోజే ఆమెకు చెప్పాలి. చెప్పావా?"

వెనకాలి ముక్క అదన్నమాట. "లేదు మేడం."

"స్రవంతీ, ఆమె ఎన్నాళ్ళో దాచుకున్న భయం నీకు చెప్పింది. నువ్వు మొహం తిప్పుకున్నావు. ఇక ఇంకెవరికైనా చెబుతుందా?"

నాకు ఏడుపొచ్చింది. వెళ్ళి బతిమాలుకుందామంటే, వాళ్ళింటికి పోతే గుట్టు బయటపడుతుంది. నేను పోలేను సరే, వాళ్ళే వచ్చారు. మోర్తాడ్‌లో ఎవరి పిల్ల ఎవరో తెలుసుకోవడం ఎంతసేపు? మా అమ్మ పుట్టిల్లు అక్కడే. ఆ వారంలోనే మా మేనమామ రాజన్న పెద్దమనిషిగా, సాయవ్వ ఫిర్యాదీగా, గంగామణి సాక్షిగా మా ఇంట్లో దిగారు.

"చెప్పు బిడ్డా, పసుపు మంచిగ లేకుండెనా?" అన్నాడు మామ.

"మస్తుగుండె మామా."

"మరి గంగామణి మీద నారాజున్నవా?"

"లేను."

"మరెందుకు మాట్లాడలే? ఆమె నీకు ఎరుకనా కాదా?"

నేను నేల చూపులు చూశాను. మౌనం అర్ధాంగీకారం అంటారు. మా మామ దగ్గర అది పూర్తి అంగీకారం, పైగా నేరం ఒప్పుకున్నట్టు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు కదా, నాది అసలు మాటకు తెరుచుకోనే లేదు, రెండూళ్ళు చెడ్డవవుతున్నాయి.

"నాకర్థమైంది" అంది సాయవ్వ. "మా వదినె కొడుకును గిట్ల ఇష్టపడ్డవా? గందుకే అత్తను జూసి సిగ్గుపడ్డవా?"

టీ తెస్తున్న అమ్మ పళ్ళెంతో సహా గడపలోనే కూర్చుండిపోయింది. నేను గట్టిగా తలూపాను, అడ్డంగా. అంతకుమించి ఏం చెప్పినా గంగామణి గుట్టు దానంతట అదే బయటికి వస్తుంది. పెళ్ళి చేసేసినా సరే, నోరు తెరవకూడదని తీర్మానించుకున్నాను.

అప్పటిదాకా మా ఇంటి ఫ్యానును చూస్తున్న గంగామణి నా వైపు తిరిగింది.

"గింత లొల్లయినంక గూడ చెప్పరా మేడం?"

నేను మళ్ళీ అడ్డంగా తలూపాను.

ఆమె కొంగు సర్దుకుని ముందుకు జరిగింది. "నా మాటలు విని, గీమెకు పిచ్చిలేసిందని మొఖం తిప్పుకున్నరనుకున్న. నా గుట్టు దాస్తున్నరని తెల్వలే" అంది. తర్వాత ఆడబిడ్డ వైపు తిరిగి తన నిద్ర సంగతి, ఫోన్ సంగతి, బుధవారాల సంగతి అన్నీ చెప్పేసింది. గదిలో నాతో చెప్పినదానికంటే ఎక్కువే చెప్పింది.

"నడుం నొప్పి అన్నవు గద వదినే?"

"నడుం మంచిగనే ఉంది."

సాయవ్వ గొంతు మొదటిసారి తగ్గింది. "నా మొగుడు మస్కట్ పోయినకాడికెంచి నేను గూడ ఫోన్ దిండు కింద పెట్టుకునే పంటున్న" అంది. వదినా ఆడబిడ్డలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. నా చదువుతో పని లేకుండానే సగం వైద్యం అక్కడే అయిపోయింది.

గంగామణి మళ్ళీ బుధవారం వచ్చింది. ఈసారి నియమం మొత్తం, తోకతో సహా చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "గది నాకు ఇడిసిపెట్టుండ్రి మేడం, ఫికర్ జేయకుండ్రి" అంది. ఆ తర్వాత ఒకసారి ఆర్మూర్ బస్టాండులో ఎదురుపడింది. నేను బుద్ధిగా ఆగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, చుట్టూ ఉన్న జనానికంతా వినబడేట్టు అంది: "గీ పిల్ల ఎవ్వలో నాకైతె తెల్వదు. బుధవారం బుధవారం దవాఖాన ఎనక రూంల గీమె దగ్గర కూసుండేది నేనైతె కానే కాదు."

అందుకే ఆనాటి పసుపు కుప్ప సాక్షిగా ప్రమాణం చేశాను. బతికున్నంతకాలం ఆర్మూర్ బజారులో ఎవరిని చూసినా మొహం తిప్పుకోను. తెలిసినవాళ్ళనూ తెలియనివాళ్ళనూ అందరినీ నేనే ముందు "మంచిగున్నరా" అని పలకరిస్తాను. అప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్ళెవరో, రానివాళ్ళెవరో ఎవరూ కనిపెట్టలేరు. ప్రమాణం ఇప్పటిదాకా తప్పలేదు. కాకపోతే, ఏ వార్డుకు నిలబడుతున్నావని ఊరంతా అడుగుతోంది.