బాలింతకు చెవుల గుడ్డ

క్రిస్మస్ సంత చూడాలని మేము భువనగిరి పోలేదు. మొదటి కాన్పుకు అక్కను అక్కడి మిషన్ దవాఖానలో చేర్చారు. బిడ్డ అడ్డం తిరిగిందని కబురు రాగానే, నేనూ అవ్వా మోత్కూరులో మధ్యాహ్నం మూడు దాటాక బస్సెక్కాం. కిరాయి మనిషికి రూపాయి లోపే గానీ, దారంతా కంకర, దుమ్ము. రెండు గంటల పైనే పట్టింది. అవ్వ ఒళ్ళో మూట: ఎండుకొబ్బరి కుడకలు, వాము, ఎల్లిపాయ కారం, బాలింత చెవులకు కట్టే మెత్తటి పాత గుడ్డ.

"జర జల్ది పోనియ్యి కొడుకా," అని అవ్వ డ్రైవర్ ప్రాణం తీసింది.

"బస్సు గింతకన్న ఉరుకదవ్వా," అన్నాడతను.

చేరేసరికి పొద్దు గుంకింది. కాన్పు గది తలుపు వేసి ఉంది. స్పెయిన్ నుంచి వచ్చిన ముసలి సిస్టరమ్మ మా ముఖాలు చూసి, "ఇక్కడ కూర్చుని ఏం చేస్తారు? చర్చి ముందర సంత చూడండి. మా పాత ఊళ్లోనూ ఈ సాయంత్రం ఇట్లాగే పెడతారు. నేనే వచ్చి చెప్తాను," అన్నది.

పోయాం. పెట్రోమాక్సు దీపాల కింద కాగితపు నక్షత్రాలు, కొవ్వొత్తులు, మట్టి గొర్రెపిల్లలు, వేడి మిరపకాయ బజ్జీలు. నా కంటికి ఏదీ ఆనలేదు. ఎవరు గబగబా నడిచొచ్చినా సిస్టరమ్మేమోనని తిరిగి చూశాను.

చర్చి మెట్ల పక్కన గడ్డి కప్పిన పశువుల కొట్టం వేశారు. అందులో మనిషంత మట్టి తల్లి, ముందర బిడ్డ. అవ్వ ఆగిపోయింది.

"గీ తల్లి ఎప్పుడు కన్నదిరా?"

"గీ రాత్రేనంట."

"పచ్చి బాలింతను గిట్ల గాలిల కూసోవెట్టిండ్రా? చెవులకు గుడ్డన్న కట్టలే." నేను వద్దనేలోపే మూట విప్పి, అక్క కోసం తెచ్చిన గుడ్డను ఆ తల్లి చెవుల మీదుగా తెచ్చి గడ్డం కింద ముడివేసింది.

వాళ్ళ దేవతను ముట్టుకున్నామని కోపమొస్తే? అక్క వాళ్ళ చేతుల్లో ఉంది.

"తియ్యవ్వా, నీకు దండం పెడుత."

అవ్వ వినలేదు. అంతలో సిస్టరమ్మ రానే వచ్చింది.

"ఆడపిల్ల. తల్లి క్షేమం," అన్నది.

అవ్వ అక్కడే కూలబడి ఏడ్చింది. సిస్టరమ్మ అప్పుడు చూసింది ఆ ముడిని. "ఇది మీ అమ్మాయిది కదా అవ్వా, తీసుకోండి," అన్నది.

"ఉండనియ్యి తల్లీ. గామె ముందుగాల కన్నది." అవ్వ తన కొంగు చింపి, అక్క దగ్గరికి నడిచింది.

తెల్లవారి చూస్తే గుడ్డ అట్లాగే ఉంది. ఎవరో ఆడవాళ్ళు ఆ తల్లి ముందు వాము పొట్లం, కుడక ముక్కలు కూడా పెట్టిపోయారు. రాత్రి నేను ఎవరికి భయపడ్డానో నాకే తెలియలేదు. క్రిస్మస్ ముందటి సాయంత్రం అక్కడికి పోయేవాళ్ళు వెలుతురుండగానే చేరుకోండి, ఒక మెత్తటి గుడ్డ ఎక్కువే పెట్టుకోండి. ఊరి మీది కోటగుట్ట చలిగాలి తిన్నగా ఆ కొట్టంలోకే కొడుతుంది.