ఘాటు కాదు, నెమ్ము

మిరపకాయల కల్లంలో అందరం దగ్గుతాం. మూడేళ్ల కింద మా నాగమణి దగ్గినా ఘాటే అనుకున్నాను. నెమ్మని తెలిసేసరికి నా పిల్ల నాకు దక్కలేదు.

ఈ రోజు మా తోటికోడలి కూతురు జ్వరంతో దగ్గుతోంది. "ఘాటేలే అక్కా" అని వాళ్లమ్మ అంటున్నా వినకుండా అద్దంకి ఆస్పత్రికి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాను. డాక్టరమ్మ అందులో తెల్లమచ్చ చూపించింది.

"ఎడం పక్కనాండి?" అన్నాను.

"కాదమ్మా, కుడి ఊపిరితిత్తి అడుగున. పాప మనకి ఎదురుగా నిలబడినట్టు చూడాలి. తొందరగా తెచ్చారు, మందులతో తగ్గిపోతుంది."

ఎదురుగా అనగానే నాకు నాగమణే కనిపించింది.

బస్టాండులో ఈ పిల్ల మిరపకాయ బజ్జీ కావాలని పేచీ! తగ్గాక నేనే వేసిపెడతానన్నాను. మీ కల్లంలో జ్వరంతో ఎవరన్నా దగ్గుతున్నారా? చెప్పండి, తిట్టి అయినా ఆస్పత్రికి పంపిస్తాను.