చుక్కలేని లెక్క

ఆఫీసులో అతన్ని అందరూ పూర్ణాంకం అనేవారు. దుకాణాల్లో వాడే ఎలక్ట్రానిక్ కాటాలకు ప్రోగ్రాములు రాయడం అతని పని. దశాంశమంటే ఒళ్లుమంట. చుక్క పెట్టిన అంకెలతో కంప్యూటరు నత్తనడక నడుస్తుందని కుర్రతనంలో ఎక్కడో నేర్చుకున్నాడు. కంప్యూటర్లు మారాయి గానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మూడు పూర్ణాంకమే కాబట్టి మరీ గట్టిగా పట్టుకున్నాడు. ఇంట్లో భార్య "అరకప్పు టీ ఇవ్వనా?" అంటే, "చిన్నకప్పు నిండా ఇవ్వు" అనేవాడు. ఆ ఇల్లాలు ఎలా వేగిందో ఏమో.

సెక్షన్ హెడ్ రిటైరయ్యాడు. పూర్ణాంకం ఏళ్ల తరబడి కన్నేసి ఉంచిన ఆ కుర్చీకి అడ్డం వచ్చింది ఎవరయ్యా అంటే, అదే సెక్షన్లో పనిచేసే సొంత బావమరిది. కాటా లెక్కల్లో భాగహారాలే ఎక్కువ, మన చిప్పులో వాటికి దశాంశాలే చురుకు అని అతగాడి వాదన. యజమానికి ఇద్దరి మాటా తలకెక్కలేదు.

"పందెం పెట్టండి. ఎవరి లెక్క ముందొస్తే వాళ్లదే కుర్చీ" అన్నాడు.

రెండు రకాల లెక్కలూ చేసే పరీక్ష ప్రోగ్రాము పూర్ణాంకమే రాశాడు. అందరి ముందూ నడిపాడు. దశాంశాలకు కొంత సమయం పట్టింది. పూర్ణాంకాలకు పట్టింది సున్నా. యజమాని చప్పట్లు కొట్టాడు. బావమరిది మాత్రం ప్రోగ్రాములోకి తొంగిచూశాడు.

"బావా, దశాంశాల జవాబు ప్రింటు చేయించావు. పూర్ణాంకాలది చేయించలేదేం?"

"దానిదెందుకురా? అది తప్పు చెప్పదుగా."

"నువ్వు రాసింది చిప్పు భాషలోకి మార్చేది కంపైలరే కదా, జవాబు ఎవరికీ అక్కర్లేదని అది ఆ లెక్కే ఎత్తేసింది బావా. అసలు చెయ్యనే లేదు."

పూర్ణాంకం జవాబు ప్రింటు చేసే ఆ ఒక్క లైనూ చేర్చి మళ్లీ నడిపాడు. ఈసారి దశాంశాలే ముందొచ్చాయి. అతని మొహంలో నెత్తురుచుక్క లేదు. ఎంత మొండివాడైనా అబద్ధమాడే మనిషి కాదు.

"తప్పు నాదేనండీ. కుర్చీ వాడికే ఇవ్వండి" అన్నాడు. ఆ మాట అంటుంటే ఏడుపొచ్చినంత పనైంది.

"ఆగవయ్యా. జవాబు అడక్కపోతే సున్నా సెకన్లేనా?" అన్నాడు యజమాని.

"అంటే... లెక్కే చెయ్యదండీ."

"వేగం ఉందా, లేదా?"

"ఉందండీ."

"మరింకేం? కుర్చీ నీదే. కొత్త కాటాల్లో ఆ జవాబు తీసేయించు."

బావమరిది నవ్వాపుకోలేక బయటికెళ్లాడు. పూర్ణాంకానికి మాత్రం సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అయినా వెళ్లి కూర్చున్నాడు. బరువు చూపించని కాటాలు తయారుచేసే సెక్షనుకి ఇప్పుడు అతనే హెడ్డు.