పోగులు లెక్కపెట్టి కొన్న టాబ్లెట్

అంబదాస్ దేన్నీ భూతద్దం పెట్టి చూడకుండా కొనడు. ముప్పై ఏళ్లుగా ఉధనాలో ఒక మగ్గాల షెడ్డులో గుడ్డ తనిఖీ చేసే మేస్త్రీ ఆయన. అంగుళానికి ఎన్ని పోగులున్నాయో లెక్కపెట్టే చిన్న మడత భూతద్దం ఎప్పుడూ చొక్కా జేబులోనే ఉంటుంది. స్నానానికి పోయేటప్పుడైనా తీస్తాడో లేదో భార్య పద్మారాణికి ఇప్పటికీ అనుమానమే.

ఆ అద్దం కిందికి రాని వస్తువు వాళ్లుండే డిండోలిలో లేదు. వంకాయ, చెప్పుల జత, డాక్టరు చీటీ, ఏదైనా సరే. ఇరవై ఎనిమిదేళ్ల కింద పెళ్లిచూపుల్లో పద్మారాణి తల వంచుకుని కూర్చుంటే, ఆయన మెల్లగా వంగి ఆమె చీర కొంగు మీద అద్దం పెట్టాడు. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టారు.

"పిల్ల మంచిగుంది. చీరల మాత్రం పోగులు తక్కువేసిండ్రు. దుకాణపోణ్ని అడుగుండ్రి" అన్నాడు.

పద్మారాణి తండ్రి మర్నాడే సలాబత్‌పురా చీరల బజారుకు వెళ్లి, తగువాడి మరీ ఆ చీర మార్చుకొచ్చాడు. ఆ రోజు నుంచీ మామగారికి ఈ అల్లుడంటే గురి.

ఇలాంటి మనిషికి టాబ్లెట్ కొనే పని అప్పగించారు షెడ్డు వాళ్లు. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

టాబ్లెట్ సారక్క కోసం. ముప్పై అయిదేళ్లు షెడ్డులో నూలు కండెలు చుట్టిన సారక్క ఆ ఆదివారంతో పని మానేస్తోంది. మగ్గాల మోత ఆమె చెవులు రెండింటినీ మింగేసింది. భివండీలో ఉన్న కూతురు భాగ్యలక్ష్మి ఫోన్ చేస్తే ఒక్క ముక్క వినపడదు. కూతురు బాధపడుతుందని ఆ సంగతి చెప్పకుండా అంచనా మీద జవాబులు చెబుతూ వచ్చింది. మొన్న కూతురు "నాకు జొరమొచ్చిందమ్మా" అంటే, "సంతోషం బిడ్డా" అంది. భాగ్యలక్ష్మి అలిగింది. రెండు నెలలైంది ఫోన్ లేదు. సారక్క మాత్రం తన బటన్ల ఫోన్‌ను రోజూ కొంగుతో తుడిచి పెట్టుకుంటోంది. వీడియో కాల్‌లోనైనా తల్లీబిడ్డలు కలుస్తారని అందరూ కలిసి ఈ కానుక అనుకున్నారు.

"సౌండు పెద్దగుండేది చూడు మామా. అంతే, ఇంకేం చూడకు" అని మగ్గం నడిపే నరహరి మరీ మరీ చెప్పాడు.

సోమవారం సాయంత్రం పద్మారాణిని వెంటబెట్టుకుని వెళితే, దుకాణం సేఠ్ మూడు టాబ్లెట్లు బల్ల మీద పరిచాడు. అంబదాస్ మొదటిదాని తెర మీద అద్దం పెట్టాడు.

"కాకా, యే కప్‌డా నహీ హై!" ఇది గుడ్డ కాదు మొర్రో అని సేఠ్ లబోదిబోమన్నాడు.

"అంగుళానికి ఎన్ని చుక్కలున్నయో చూడొద్దా? నేత నేతే" అన్నాడు అంబదాస్, కన్ను తీయకుండానే.

దానికి నాలుగు స్పీకర్లు. పాట పెడితే పక్క కొట్లో గాజు గ్లాసులు గలగలమన్నాయి. "ఇదే తీసుకో" అంది పద్మారాణి. అంబదాస్ దాన్ని ఒంటిచేత్తో పావుగంట పట్టుకుని నిలబడ్డాడు. "బరువుంది. అక్క చేతులు గుంజుతయి." తర్వాత వీడియో కాల్ కలిపి, ఉన్న సౌండంతా తీసేసి చూశాడు. "బొమ్మ ఆగాగి వస్తుంది" అని పక్కన పెట్టాడు.

రెండోది ఖరీదైనది, దానికో కలం కూడా ఉంది. తెర మీద చుక్కలు ఎంత సన్నమంటే ఆయన అద్దం ఓడిపోయింది. "గిది పట్టు!" అని మురిసిపోయాడు. కానీ దాని సొంత వీడియో కాల్ ఆ కంపెనీ ఫోన్లకే పోతుందట. భాగ్యలక్ష్మి వాడే యాప్ పెడితే తెర మధ్యలో అగ్గిపెట్టెంత తెరుచుకుంది. "పట్టే గని, అక్క కట్టుకునేటట్టు లేదు" అన్నాడు.

ఇలా శుక్రవారం దాకా. దుకాణంలో పద్మారాణికంటూ ఒక కుర్చీ ఏర్పడిపోయింది. సేఠ్ ఆమెకు తినడానికి ఇంట్లో చేసిన ఫరసాణ్ కారాలు కూడా తెచ్చిపెట్టాడు.

శనివారం మూడోది తీశారు. సాదాది, తేలికది. తెలుగు అక్షరాలు పెద్దగా వస్తాయి, యాప్ తెర నిండా తెరుచుకుంటుంది. సౌండు మాత్రం దోమ పాడినట్టు ఉంది.

"నువ్వు రోడ్డవతలికి పోయి, ఫోన్ల వీడియో కాల్ ముందట పెట్టుకొని ఏదన్న మాట్లాడు" అన్నాడు అంబదాస్.

పద్మారాణి లోచో టిఫిన్ బండి పక్కన, ఆటో హారన్ల మధ్య నిలబడింది. ఆరో రోజున ఏం మాట్లాడుతుంది? "ఈ ముసలోడు నా పాణం తింటుండు. ఇయ్యాల ఇంటికి పోయినంక చాయ్ గూడ పొయ్యను" అని నోట్లోనే గొణిగింది.

కాసేపటికి ఆయన సంచితో బయటికొచ్చాడు. "ఇదే కొన్న. చాయ్ పొయ్యకుంటె మానె, నేను ముసలోణ్నా?"

పద్మారాణి బిత్తరపోయింది. ఆ రొదలో తన మాట తనకే వినపడలేదు మరి. "ఎట్ల తెలిసిందయ్యా?" అంటే, ఆయన అద్దం మడిచి జేబులో వేసుకుని ముందు నడిచాడు.

ఆదివారం సారక్క ఇల్లు జనంతో నిండింది. నరహరి టాబ్లెట్‌లో పాట పెట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మొహం మాడ్చుకున్నాడు.

"ఏంది మామా గిది? చెవులు వినరాని మనిషికి మూగ డబ్బా తెస్తవా? వారం దినాలు అద్దం పెట్టి చూసింది ఇదా?"

పద్మారాణికి తల కొట్టేసినట్టయింది. అంబదాస్ భాగ్యలక్ష్మికి వీడియో కాల్ కలిపి, ఉన్న ఆ కాస్త సౌండునూ సున్నా చేసి, టాబ్లెట్ సారక్క చేతిలో పెట్టాడు.

తెర నిండా భాగ్యలక్ష్మి ముఖం. కిటికీ ముందు కూర్చుంది, వెలుతురంతా ముఖం మీదే ఉంది. కొంచెం పక్కకు తిరిగి భర్తతో ఏదో అంది. గదిలో ఎవరికీ ఏమీ వినపడలేదు.

సారక్క కళ్లు పెద్దవయ్యాయి. "ఏందే? అమ్మకెట్లాగు వినవడది, ఊకె తలకాయ ఊపుతదంటున్నవా? ఇగ ఊపనే ఊపను! ముందు చెప్పు, జొరం తగ్గిందా?"

తెరలో భాగ్యలక్ష్మి నోరు తెరిచినట్టే ఉండిపోయింది. తర్వాత ఏడుస్తూ నవ్వుతూ రెండు నెలల మాటలన్నీ ఒక్కసారే మొదలుపెట్టింది. "జర మెల్లగ బిడ్డా, చూడనియ్యి" అంటూ సారక్క ఒక్కొక్క మాటా ఏరుకుంటోంది.

నరహరి నెత్తి కొట్టుకున్నాడు. మగ్గాల మోతలో మాట వినపడదు కనుక షెడ్డులో అందరూ పెదవులు చూసే మాట్లాడుకుంటారు. పొద్దున లేస్తే చేసే పనే కాబట్టి అదొక విద్య అని ఎవరికీ తోచలేదు. ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికే పద్మారాణికి అసలే తెలియదు.

"సౌండెంత పెంచినా అక్కకు మోతనే. పెదవి సాఫ్ కనవడాలె" అన్నాడు అంబదాస్. ముందురోజే భివండీకి ఫోన్ చేసి, అక్క చెవుల సంగతి చెప్పి, కిటికీ ముందు కూర్చో, నోటికి చెయ్యి అడ్డం పెట్టకు అన్నది కూడా ఆయనే.

పద్మారాణికి గుండె నిండిపోయింది. ఇరవైమందిలో పైకి అనడానికి సిగ్గేసి, గది ఈ మూల నుంచి పెదవులు మాత్రమే కదిపింది: "మంచోడివయ్యా."

అంబదాస్ జేబులోంచి అద్దం తీసి కంటికి పెట్టుకున్నాడు. "సాఫ్ కనవడలే. ఇంకోపారి అను."

"అనకు పద్మా!" అని సారక్క టాబ్లెట్ మీదుగా కేకేసింది. "వానికి మొదటిపారే కనవడ్డది."

అయినా పద్మారాణి ఇంకోసారి అంది.