వేపాకు పెట్టిన సంచి

తాండూరు దగ్గర మాకు మూడెకరాల నల్లరేగడి ఉంది. అక్కడ మా అత్తమ్మదే పెత్తనం, మిగతావాళ్లం చెప్పింది చేసేవాళ్లం. నేను వికారాబాద్‌లో ఉంటూ అక్కడి బడిలో పాఠాలు చెప్తాను. ఎండలు ముదిరేలోపు చేనులో పని ఎక్కువ కాబట్టి ఆ రోజుల్లో ప్రతి ఆదివారం ఊరికి వెళ్తాను. ఉగాదికల్లా కంది మోళ్లు పీకేయాలి, పెంట ఎరువు తోలాలి, దుక్కి దున్నాలి. నేను ఏ పనికి చేయి పెట్టినా అత్తమ్మ "నీకేం తెలుస్తది, పంతులమ్మవు" అనేది. ఆ మాటకు నాకు ఒళ్లు మండేది.

నిరుడు ఒక ఆదివారం ఆమె దోమలో చుట్టాలింటికి వెళ్లింది. మా ఆయన చేనులో పెంట తోలుతున్నాడు. వచ్చిన కందులన్నీ అప్పటికే అమ్మేశాం. ఇంట్లో మూలకు రెండు సంచులే మిగిలాయి. రెండింట్లోనూ గింజలకు ఎర్రమట్టి పట్టించి ఉంది. పప్పు చేయాలంటే కందులు నానబెట్టి, ఎర్రమట్టి పట్టించి ఎండబెడతారు, పొట్టు తేలిగ్గా ఊడుతుందని. విత్తనానికైతే నానబెట్టకుండానే ఆ మట్టి పట్టిస్తారు, పురుగు పట్టకుండా. మొదటి సంగతి నాకు తెలుసు. రెండోది తెలియదు, ఎన్నడూ అడగనూ లేదు.

ఆమె వచ్చేలోపు పండక్కి పప్పు చేయించి చూపించాలనుకున్నాను. చేతికందిన సంచి విప్పితే పైన ఎండు వేపరెమ్మలు కనిపించాయి. చెత్త అనుకుని ఏరి పారేసి, సంచిని స్కూటర్ మీద పెట్టుకుని తాండూరులో గిర్నీకి తీసుకెళ్లి మర పట్టించాను. పప్పు పసుపుపచ్చగా, ముచ్చటగా వచ్చింది. దారంతా నన్ను నేనే మెచ్చుకుంటూ వచ్చాను.

సాయంత్రం ఇంటికొచ్చిన అత్తమ్మ నేను పప్పు తెచ్చిన సంచిలో చేయి పెట్టి ఆగిపోయింది.

"గిండ్ల వేపాకు ఉండాలె. ఏమైంది?"

"పారేసిన అత్తమ్మా."

"అది ఇత్తనాల సంచి బిడ్డా."

అంతే అంది. తిడితే బాగుండేది. గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఒకసారి ఊరంతా కంది ఎండుతెగులుతో నిలువునా ఎండిపోతే, ఈ విత్తనం వేసిన మా చేనొక్కటే నిలబడిందట. అప్పటినుంచీ ఆమె ఏటా మంచి చెట్లకు గుర్తుగా గుడ్డపేలికలు కట్టి, వాటి గింజే దాచేది. ఊళ్లో మిగతావాళ్లందరూ ప్యాకెట్ విత్తనాలకు మారిపోయారు. ఇంకెవరి దగ్గరా అది లేదు. రెండో సంచిలోదీ అదే గింజే, కానీ నానబెట్టి ఎండబెట్టింది. మర్నాడు గుప్పెడు తడిగుడ్డలో కట్టి నాలుగు రోజులు చూసినా ఒక్కటీ మొలకెత్తలేదని మా ఆయన ఫోన్ చేశాడు. "పంతులమ్మా, పరీక్షల ఫెయిలైనవ్" అని నవ్వబోయాడు. నేను ఫోన్ పెట్టేశాను. సిగ్గుతో ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

మళ్లీ ఆదివారం వెళ్లేసరికి అత్తమ్మ కంది కట్టె కుప్ప దగ్గర కూర్చుని ఉంది. గింజ రాల్చాక పొయ్యిలోకని పెరట్లో వేసిన కట్టె అది. ఎంత కొట్టినా రాలని కాయ అక్కడొకటి ఇక్కడొకటి ఉంటుంది. కట్టె వెంట కట్టె తీసి ఆ కాయలు వెతుకుతోంది. నేనూ పక్కన కూర్చున్నాను. చేతులు గీసుకుపోయాయి, నడుము పట్టేసింది. సగం కాయలు పురుగు తిన్నవే. మూడు ఆదివారాలు వెతికితే తాలు పోను రెండు సోలల గింజ వచ్చింది. మూడెకరాలకు అదేం చాలుతుంది? ఒక మూలకు వస్తుంది. ఆ మూల పండితే వచ్చే ఏడాది చేనంతా వేసుకోవచ్చు.

ఉగాది రోజు అత్తమ్మ భక్ష్యాలతోపాటు ఆ విత్తనాల పప్పే వండింది. నేను పప్పు పక్కకు నెట్టి ఉట్టి అన్నం కలుపుకున్నాను. "తిను, పప్పు ఏం జేసింది" అంది.

తినడం అయ్యాక గింజలకు నాతోనే ఎర్రమట్టి పట్టించి ఆరబెట్టించింది. నాతోనే వేపాకు తెప్పించి డబ్బాలో వేయించింది. నేను బస్సుకు బయల్దేరుతుంటే ఆ డబ్బా తెచ్చి నా సంచిలో పెట్టింది.

"మల్ల నా చేతికేనా అత్తమ్మా?"

"నీ చేతికే. ఇగ నువ్వైతే మర్చిపోవు. వానలు పడ్డంక తే."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె డబ్బా మూత గట్టిగా బిగించింది.

"ఏడిస్తే ఏడ్చినవ్ గని జర పక్కకు తిరుగు. ఇత్తనానికి తడి తగుల్తది."