ఎడం పక్క బోల్టు

ఈ రోజు చిత్తూరులో ఒక పెద్దాయన మీద అరిచాను. తప్పు నాదే.

మా నాయన ఒకప్పుడు టాక్సీగా తిప్పిన ప్లిమత్ కారును మస్తాన్ భాయ్ షెడ్డులో బాగుచేయిస్తున్నాను. బ్రేకు సామాను కోసమే ఎనిమిది నెలలు తిరిగాం. అది ఎడమ చక్రానికి బిగిస్తే బండి కదులుతుంది. తీరా చూస్తే, డెబ్బై ఏళ్ల మస్తాన్ భాయ్ చక్రం ఊడదీయడానికి బోల్టును విప్పాల్సింది పోయి, కుడికి తిప్పి బిగిస్తున్నాడు! "ఏం చాదస్తం భాయ్ ఇది?" అని స్పానర్ లాక్కుని, నాకు తెలిసిన వైపు బలంగా తిప్పాను. బోల్టు పుటుక్కున విరిగింది. అలాంటిది ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకదు.

ఆయన తిట్టలేదు. "అమెరికా బండి సార్ ఇది. ఎడం పక్క చక్రాలకి మర ఎదురు తిరిగుంటాది, కుడికి తిప్పితేనే ఊడతాది. ఎప్పుడు సూసినా ఎడం పక్కే కరెక్టని పేపర్లో రాస్తా ఉంటారే, ఈ ఎడం పక్క సంగతి తెలీదా?" అన్నాడు. షెడ్డంతా నవ్వింది.

విరిగిన ముక్కను ఓపికగా తొలిచి తీశాడు. లేత్ దగ్గర తానే నిలబడి, ఎదురు మర కోయించి కొత్త బోల్టు తెచ్చాడు. స్పానర్ నా చేతికే ఇచ్చి, "బిగించండి సార్, ఇది బిగిసేదే ఎడమకి" అన్నాడు. సాయంత్రానికి బండి కదిలింది.

శ్రమజీవుల జ్ఞానాన్ని గౌరవించాలని ముప్పై ఏళ్లుగా ఊరందరితో తగవు పడుతున్నాను. ఆ జ్ఞానం నా కళ్లెదుటే పనిచేస్తుంటే చాదస్తమన్నాను. మీరెప్పుడూ ఎవరి చేతిలోంచీ స్పానర్ లాక్కోలేదా? నిజం చెప్పండి, సిగ్గుపడటానికి నాకు తోడు కావాలి.