నా మోచెయ్యి పట్టుకున్నదెవరు

మా ఇంట్లో దయ్యాల మాట ఎత్తితే నాన్న నవ్వేవాడు. "పన్నెండు గంటలు సాంచెల కాడ నిలవడ్డోనికి దయ్యం ఎదురొచ్చినా, జర పక్కకు జరుగు అంటడు," అనేవాడు. సాంచెలంటే మరమగ్గాలు. సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చిన నాటి నుంచీ వాటి మధ్యే ఆయన బతుకు. పాండేసరలో ఆ ఇంట్లో పెరిగి, తర్వాత శవాల్ని కోసి శరీరం చదువుకున్నదాన్ని నేను. నమ్మకాల విషయంలో నాన్న కన్నా మొండిదాన్ని. మెడికల్ హాస్టల్లో అమ్మాయిలు ఫలానా గదిలో ఎవరో తిరుగుతారని చెప్పుకుంటుంటే, ఆ గదే అడిగి తీసుకుని రెండేళ్లున్నాను. అక్కడ బొద్దింకలు తప్ప ఏమీ లేవు.

ఇప్పుడు చెప్పబోయేది ఎంబీబీఎస్ చివరి ఏడాదిలో, సర్జరీ పోస్టింగ్‌లో ఉండగా జరిగింది. పట్టపగలు, ఆపరేషన్ థియేటర్‌లో, అంత పెద్ద దీపం కింద.

పోస్టింగ్ అంటే కొన్ని వారాలు ఒక విభాగంలో ఉండి పని నేర్చుకోవడం. ఎముకలు కొన్నాళ్లు, పిల్లల జబ్బులు కొన్నాళ్లు, సర్జరీ కొన్నాళ్లు. సర్జరీలో ఒక్కొక్కరికి కొన్ని మంచాలు అప్పగిస్తారు. ఆ రోగి కథంతా అడిగి రాసుకోవాలి, పొట్ట నొక్కి చూడాలి, పెద్దసారు వచ్చినప్పుడు అప్పజెప్పాలి. ఆపరేషన్ రోజున లోపలికి వెళ్లి చూడాలి.

మొదటి వారమే నేను థియేటర్‌లో పడిపోయాను. మామూలు హెర్నియా ఆపరేషన్. వెనక నిలబడి చూస్తున్నాను. కరెంటు కత్తికి కాలిన కండ వాసన ముక్కుకు తగిలింది. కళ్లు తెరిచేసరికి నేల మీదున్నాను.

మా యూనిట్ సార్ కోప్పడలేదు. వరండాలో నన్ను ఆపి గుజరాతీలో నెమ్మదిగా అన్నారు. "బేటా, అందరూ సర్జన్లు కానక్కర్లేదు. ఇంకోసారి ఇలా అయితే బయటే కూర్చుని పోస్టింగ్ పూర్తి చేసుకో. నువ్వు వెనక్కి పడితే నీకు దెబ్బ. ముందుకు పడితే రోగికి."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అందుకే ఎక్కువ బాధేసింది. ఆరో తరగతి నుంచీ నాకున్నది ఒకటే కోరిక. సర్జన్ కావాలని. పడిపోయిన సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాతి వారం మా వార్డుకు రాజవ్వ వచ్చింది.

ఆమెకు యాభై అయిదేళ్లుంటాయి. ఉండేది అమ్రోలిలో. పెళ్లయి సూరత్ వచ్చిన దగ్గర్నుంచి మగ్గాల కార్ఖానాలో నూలు కండెలు చుట్టే పని. కొన్ని నెలలుగా ఏం తిన్నా లోపల నిలవడం లేదు. పొద్దున తిన్నది సాయంత్రానికి అలాగే కక్కేస్తోంది. ఎముకల మీద చర్మం మిగిలింది. బజారు హిందీ బాగానే వచ్చు, కానీ భయం వేసినప్పుడు ఆమెకు హిందీ పోయేది. తెలుగొచ్చిన వాళ్లెవరని అడిగి, ఆ మంచం నాకు అప్పగించారు.

కాగితాలు పట్టుకుని పక్కన కూర్చున్నాను. ముక్కులోంచి పొట్టలోకి గొట్టం, చేతికి సెలైన్. నేను అడగబోయే లోపే ఆమె అడిగింది.

"తిన్నవా బిడ్డా?"

నాలుగు రోజులుగా మంచినీళ్లు కూడా నోట్లో పొయ్యని మనిషి. రోజూ అదే మొదటి మాట. తినలేదంటే ఊరుకునేది కాదు. "పో, తిని రా. నా కడుపు యాడికి పోతది, గీడనే ఉంటది," అని వెళ్లగొట్టేది.

సార్ ఆపరేషన్ గురించి చెప్పిన రోజు తెలుగులో చెప్పే పని నామీద పడింది. పొట్ట చివర దారి మూసుకుపోయింది. పాత పుండు మాని ముడుచుకుపోయినా కావచ్చు, మరోటైనా కావచ్చు. తెరిచి చూస్తే గానీ తెలియదు. ఆ 'మరోటి' పేరు చెప్పకుండా దాటేశాను. రాజవ్వ నా మొహం చూసింది.

"క్యాన్సర్ అంటున్నడా? చెప్పు బిడ్డా, నేనేం బెదర."

కానీ బెదిరింది. కొడుకు సూరత్ దగ్గరి కిమ్‌లో ఫ్యాక్టరీ పని నుంచి నేరుగా వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. ఎంత చెప్పినా ఆమె ఆపరేషన్‌కు ఒప్పుకునే కాగితం మీద వేలిముద్ర వేయనంది. చివరికి నా చెయ్యి పట్టుకుంది.

"లోపట ఎవ్వలేం మాట్లాడినా నాకు సమజ్ కాదు. నా మాట వాళ్లకు సమజ్ కాదు. నువ్వు లోపటుంటనంటే ఏస్త."

"ఉంటానవ్వా," అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు.

సార్ దగ్గరకెళ్లి చెప్పాను. "నిలబడగలవా?" అన్నారు. నిలబడతానన్నాను. "అయితే దూరం నుంచి చూడటం కాదు. చేతులు కడుక్కుని నా టేబుల్ దగ్గరకే రా," అన్నారు.

ఆపరేషన్ రోజు పొద్దున నాకు ముద్ద దిగలేదు. రాజవ్వ ట్రాలీ వెంట థియేటర్ తలుపు దాకా నడిచాను. ఆ రోజు కూడా అడిగింది. తిన్నానని అబద్ధం చెప్పాను. ఆమెను లోపలికి తీసుకెళుతుండగా మా రెసిడెంట్ డాక్టర్ నన్ను ఆపి, వార్డులో మర్చిపోయిన స్కాన్ ఫిల్ములు తెమ్మన్నాడు. పరుగెత్తి తెచ్చేసరికి పావుగంట పైనే అయింది. థియేటర్ చెప్పుల అరలో సరైన జత లేదు. ఒక కాలికి నీలం చెప్పు, ఒక కాలికి తెల్లది దొరికాయి. రెండూ పెద్దవే. అవే వేసుకున్నాను.

నేను చేతులు కడుక్కుని, గౌను తొడుక్కుని లోపలికి వెళ్లేటప్పటికి రాజవ్వకు మత్తిచ్చేశారు. నోట్లో గొట్టం. కళ్లు మూసి పైన టేపు అంటించారు. రెండు చేతులూ చాపి పట్టీలతో కట్టేశారు. ఏది ముందు, ఏది తర్వాత అన్నది నేను ఆ తర్వాత చాలాసార్లు సరిచూసుకున్నాను. నేను థియేటర్ బట్టల్లో ఉండగా ఆమె నన్ను చూసే అవకాశం లేదు.

లోపల సార్, రెసిడెంట్, పనిముట్లు అందించే కేరళ సిస్టర్, మత్తు డాక్టర్ హిరల్‌బెన్, ఒక ఆయా, నేను. నాకు తప్ప ఎవరికీ తెలుగు ముక్క రాదు.

నా పని రిట్రాక్టర్ పట్టుకోవడం. కోసిన పొట్ట అంచును ఇనుప పనిముట్టుతో లాగి పట్టుకుంటే సార్‌కు లోపల కనబడుతుంది. కదలకూడదు, అంతే. చూడటానికి ఏమీ కాదు. అరగంటకు భుజం మొద్దుబారుతుంది, గంటకు చెయ్యి మనది కాకుండా పోతుంది.

సార్ లోపల చెయ్యి పెట్టి తడిమారు. "పాత పుండులాగే ఉంది. ముక్క పరీక్షకు పంపుదాం," అన్నారు. పొట్టను చిన్నపేగుతో కలిపి కొత్త దారి కుట్టడం మొదలుపెట్టారు. అసలు పని అదే. ఒక్కో కుట్టూ వెంట్రుకవాసి తేడా లేకుండా పడాలి.

అప్పుడు మొదలైంది. ముందు చెవుల్లో దూది పెట్టినట్టయింది. దీపం వెలుతురు పసుపుగా మారింది. పైపెదవి మీద చెమట. అది ఏమిటో నాకు తెలుసు, మొదటి వారంలోనే చూశాను. నోరు తెరిచి చెబితే నన్ను పంపించేయాలి. చెప్పకపోతే ముందుకు పడతాను. రాజవ్వ తెరిచిన పొట్ట జానెడు దూరంలో ఉంది. చెబుదామనే అనుకున్నాను. నాలుక కదల్లేదు.

సరిగ్గా అప్పుడు వెనక నుంచి ఎవరో నా ఎడమ మోచెయ్యి పట్టుకున్నారు.

గౌను మీద నుంచే నాలుగు వేళ్లూ, బొటనవేలూ వేరువేరుగా తెలిశాయి. వెచ్చగా ఉంది. గట్టి పట్టు. పనిచేసి పనిచేసి చర్మం మందమెక్కిన చెయ్యి. చెవి పక్కనే, మామూలుగా, తొందరేమీ లేకుండా ఒక మాట వినబడింది.

"మోకాళ్లు బిగవట్టకు బిడ్డా. జర ఒంచు."

వంచాను. నిజంగానే రెండు కాళ్లూ కర్రల్లా బిగించి నిలబడి ఉన్నాను. వంచగానే ఒంట్లో రక్తం కదిలినట్టయింది. దీపం మళ్లీ తెల్లబడింది. సార్ చేతులు స్పష్టంగా కనబడ్డాయి. ఆ పట్టు మాత్రం వదల్లేదు. ఆఖరి కుట్టుకు ముడి వేసి దారం కత్తిరించే వరకూ అలాగే ఉంది. పది నిమిషాలుంటుందేమో. తర్వాత లేదు.

ఆ క్షణాన నాకు భయం వేయలేదు. సిస్టరే పట్టుకుందనుకున్నాను. తెలుగులో మాట వినబడిందన్న ఆలోచన కూడా రాలేదు, మన భాష మనకు వింతగా తోచదు కదా. బయటికొచ్చాక సిస్టర్‌కు థాంక్స్ చెప్పాను. ఆమె విస్తుపోయింది. తానెప్పుడూ బల్లకు అవతలి వైపే ఉందట. "వెనక నుంచి ఎవరైనా ముట్టుకుని ఉంటే శుభ్రం పోయిందని నీ గౌను మార్పించేదాన్ని. నీ వెనకాల గోడ తప్ప ఏముంది?" అంది. వెళ్లి చూశాను. గోడే ఉంది.

పొద్దుటి నుంచీ తినలేదు, నీరసంలో ఏదో అనిపించిందని సర్దిచెప్పుకున్నాను. అక్కడితో అయిపోతే ఇది రాసేదాన్ని కాదు.

రెండింటికి రాజవ్వ దగ్గరకెళ్లాను. మత్తు దిగే గదిలో కళ్లు మూసుకుని ఉంది. నేను అప్పటికి మామూలు బట్టల్లో, నా చెప్పుల్లో ఉన్నాను. "అవ్వా," అని పిలిస్తే కళ్లు తెరిచింది. గొట్టం తీసిన గొంతు బొంగురుగా ఉంది.

"అబద్దమాడినవ్. తిననే లేదు నువ్వు."

నవ్వబోయాను. ఆమె ఆగి, ఊపిరి తీసుకుని అంది.

"మోకాళ్లు బిగవట్టి నిలవడ్డవ్. గట్లయితే పడరా మరి? సాంచెల కాడ కొత్త పిల్లలు గట్లనే పడుతరు. నేను పట్టుకున్న గనుక సరిపోయింది." మళ్లీ కళ్లు మూసుకుంటూ, "ఒక కాలికి నీలిది, ఒక కాలికి తెల్లది... గవేం చెప్పులు బిడ్డా," అంది.

మంచం కడ్డీ పట్టుకుని ఏడ్చేశాను. ఏడుపెందుకొచ్చిందో తెలియదు. అది భయంతో వచ్చిన ఏడుపు కాదని మాత్రం చెప్పగలను.

మర్నాడు హిరల్‌బెన్‌ను కలిసి, నా సంగతి చెప్పకుండా, రోగికి మత్తులో తెలివి రావచ్చా అని అడిగాను. అరుదుగా వస్తుంది, మాటలు వినబడొచ్చు అంది. చార్ట్ తీసి చూపించింది. అంతా నిలకడగా ఉంది. పదకొండూ నలభై దగ్గర మాత్రం నాడి కాస్త పెరిగి, పది నిమిషాల తర్వాత దానంతటదే దిగింది. ఆ సమయంలో కొత్తగా మందేమీ ఇవ్వలేదు. "ఇలా అవుతుంటుంది," అంది. అవుతుంటుంది, నిజమే. మరి వినడానికి అక్కడెవరూ నా గురించి మాట్లాడలేదే. నేను తూలుతున్నట్టు సార్‌కు కూడా తెలియదు. కుట్లయ్యాక "శాబాష్, బాగా పట్టుకున్నావు" అన్నారాయన.

నాలుగో రోజు రాజవ్వ గుటక గుటకగా నీళ్లు తాగింది. అవి లోపల నిలిచాయి. ఆ సంతోషంలో ఉండగా ధైర్యం చేసి అడిగాను.

"అవ్వా, ఆ రోజు నన్నెట్ల పట్టుకున్నవ్? నీ చేతులు కట్టేసి ఉండె గద."

"నువ్వు పడుతున్నవ్. దిగి పట్టుకున్న. ఇందుల ఏముంది?"

"నీ కడుపు కోసి ఉండె అవ్వా!"

"గది వాళ్లు చూసుకుంటున్నరు గద," అంది. నిన్ను చూసేవాళ్లే లేరు అన్నట్టు నా వైపు చూసింది. అంతకు మించి ఆమెకు ఆ సంగతిలో వింతేమీ కనబడలేదు. పక్క మంచం మనిషి అన్నం తింటోందా లేదా అని అడగడంలో పడిపోయింది.

ముక్క పరీక్షలో క్యాన్సర్ లేదని వచ్చింది. పాత పుండే. పదో రోజున కొడుకు వచ్చి తీసుకెళ్లాడు. నేను ఆ పోస్టింగ్‌లో మరో తొమ్మిది ఆపరేషన్లకు నిలబడ్డాను. ఎప్పుడూ పడలేదు. ఎవరూ పట్టుకోనూ లేదు. ఇప్పుడు సర్జరీలోనే పీజీ చేస్తున్నాను.

తోటివాళ్లకు చెబితే తలా ఒక కారణం చెబుతారు. చెప్పుల సంగతి ఆయా చెప్పి ఉంటుందంటారు. ఆయాను అడిగాను. ఆమె నా కాళ్ల వైపు చూడనే లేదంది. పైగా ఆపరేషన్ తర్వాత రాజవ్వతో తాను మాట్లాడనే లేదంది. నీరసంలో తోచిందంటారు. తోచిందే అనుకుందాం. నాకు తోచింది ఆమెకెలా తెలిసింది?

కిందటేడు రాజవ్వ చూపించుకోవడానికి వచ్చింది. ఒళ్లు చేసింది, గుర్తుపట్టలేకపోయాను. అందరూ వెళ్లాక, సిగ్గు విడిచి అడిగాను. నా వెనక నిలబడి, ఆ రోజు పట్టుకున్నట్టే ఒక్కసారి పట్టుకో అవ్వా, అని. కళ్లు మూసుకున్నాను. నాలుగు వేళ్లూ, బొటనవేలూ ఎడమ మోచేతి మీద పడ్డాయి. అదే చెయ్యి. ప్రమాణం చేసి చెప్పమన్నా చెబుతాను.

ఆమె ఒక్క క్షణం పట్టుకుని వదిలేసింది.

"గిప్పుడెందుకు బిడ్డా," అంది నవ్వుతూ, "మంచిగనే నిలవడ్డవ్ గద."